మార్కెట్టు లేచిన రోజు పరమాన్నం

ఆ రోజుల్లో నేను పొద్దున ఏడూ నలభై అయిదుకి ధనవంతురాలిని అయ్యేదాన్ని. మధ్యాహ్నం రెండింటికల్లా మళ్ళీ మామూలు మనిషినై అంట్లు తోముకునేదాన్ని. బొంబాయి షేర్ మార్కెట్టు తెరిచే వేళా, మూసే వేళా ఒమన్ గడియారంలో అవే మరి. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. పెళ్ళై మస్కట్ శివార్లలోని అల్ ఖౌద్‌లో కాపురం పెట్టి ఏడాదిన్నర. లోకంలో నాకు తెలియని విషయాలు కొన్ని ఉన్నాయన్న సంగతి ఇంకా నాకు తెలియదు. దేవుడు కొందరికి బుద్ధిని పుట్టుకతోనే ఇచ్చి పంపుతాడు, నాలాంటి వాళ్ళకు వాయిదాల మీద ఇస్తాడు. ఇచ్చాడు కదా, అదే చాలని ఇప్పుడు దణ్ణం పెట్టుకుంటాను గానీ, ఆ మొదటి వాయిదా అందిన తీరు వింటే మీరు నవ్వకుండా ఉండలేరు. నవ్వండి, నేనేమీ అనుకోను. ఆ నెల నన్ను చూసి ఘాలాలో ఇరవై ఇద్దరు మగవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు, మీరెంత.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువని మా బాపు ఇంట్లోనే కూర్చోబెట్టి చెప్పారు. ఆయన రైసుమిల్లులో గుమస్తా కావడంతో లెక్కలు నాకు వడ్లబస్తాలతో వచ్చాయి. చదవడం పంచాంగంతో వచ్చింది. ఎక్కాల కంటే ముందే వర్జ్యం, రాహుకాలం వచ్చేశాయంటే మీరే ఊహించుకోండి. (పదమూడో ఎక్కం ఇప్పటికీ తడబడతాను. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.) బాపు చెప్పిన ఆర్థికశాస్త్రం అంతా ఒక్కటే మాట: "ఇంటి పైసలు ఇంటియి, దందా పైసలు దందాయి. రెండు ఒక్క సంచిల వెయ్యకు బిడ్డా." అందుకని ఒమన్ వచ్చాక నా వంటింట్లో రెండు డబ్బాలు ఉండేవి. పాలపొడి డబ్బాలో ఇంటి డబ్బు. బిస్కెట్ల డబ్బాలో వ్యాపారం డబ్బు. వ్యాపారమంటే పెద్దదేమీ కాదు. మా ఆయన మస్కట్‌లోనే ఘాలా అనే చోట ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్. ఆయన భోజనం డబ్బాలోని పప్పు వాసన పక్కనే కూలీలుండే కంపెనీ రూముల్లోకి పాకి, జగిత్యాల వైపు వాళ్ళ ముక్కుల్ని తాకి, ఒక డబ్బా రెండై, రెండు ఆరై, చివరికి ఇరవై రెండు మధ్యాహ్న భోజనాల డబ్బాలైంది. తలా పదిహేను రియాళ్ళు నెల మొదట్లోనే అడ్వాన్సుగా ఇచ్చేవారు. ఆ డబ్బు తెచ్చి మా ఆయన చేతికిచ్చేది వాళ్ళ పెద్ద, మేస్త్రి అన్న. సైట్‌లో అరిస్తే క్రేన్ ఆగిపోయేంత గొంతు. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం "చెల్లె" అంటూ పసిపిల్లాడయ్యేవాడు.

ఇలా దేవుడి దయవల్ల చల్లగా సాగుతున్న కాపురంలోకి ఫోన్ ద్వారా ప్రవేశించినవాడు మా చిన్న మేనమామ. నిజామాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణం. దుకాణంలో కూర్చుని ఫోన్లు అమ్మడం మానేసి, అమ్మాల్సిన ఫోన్లలోనే షేర్ల గీతలు చూస్తూ ఉంటాడని బంధువులంతా ఆయన్ని గ్రాఫ్ మామ అనేవారు. "బిడ్డా, డబ్బాల పైసలు పండుకొని ఉంటయి. వాటిని లేపాలె. నా అకౌంట్ల ఏస్తే నీ పేరు మీద లెక్క రాసి పెడ్త" అన్నాడు. పాలపొడి డబ్బాలో ఉన్నది మా ఆయనకు చెప్పే పంపాను. ఆయన "నీ ఇష్టం, దందా డబ్బా ముట్టకు" అని ఊరుకున్నాడు. మూడు వారాలు! ఆ మూడు వారాలు మార్కెట్టు జ్వరం కొలిచే పాదరసంలా మొత్తమ్మీద పైకే ఎక్కింది. మా ఇంట్లో నెట్ బాగా అందేది దేవుడి అల్మరా దగ్గరే, రూటర్ అక్కడే బిగించారు మరి. అందుకని దీపం వెలిగించి, ఫోన్‌ను కుంకుమ భరిణెకు ఆనించి, ఒక కన్ను స్వామి మీద, ఒక కన్ను గీత మీద పెట్టి నిలబడేదాన్ని. గీత పైకి పాకుతుంటే "గోవిందా" అనేదాన్ని. స్వామికి నా భక్తి ఎంత పెరిగిందో అనిపించి ఉంటుంది. పోపు మాడిన వాసన వస్తే తప్ప కదిలేదాన్ని కాదు.

వచ్చిన దానికి కృతజ్ఞత చూపాలన్నది మా ఇంటి పద్ధతి. మార్కెట్టు లేచిన రోజు పరమాన్నం వండి, నైవేద్యం పెట్టి, ఇరవై రెండు డబ్బాల్లోనూ తలా గరిటెడు వేసేదాన్ని. బాగా లేస్తే జీడిపప్పు. పడిన రోజు పప్పుచారు, మజ్జిగ, భగవన్నామస్మరణ. ఒకరోజు మేస్త్రి అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, ఇయ్యాల జీడిపప్పు గూడ వడ్డది. ఏం పండుగ?"

"పండుగేం లేదన్నా. షేర్లు లేసినయ్."

అంతే, ఆ ఒక్క మాట ఆ రూముల్లో ఎంత దూరం పోయిందో నాకు అప్పుడు తెలియదు. తర్వాత తెలిసిందేమిటంటే, పన్నెండున్నరకు సైట్‌లో డబ్బా మూత తీయగానే ఇరవై రెండు తలలు ఒకేసారి లోపలికి వంగేవట. పరమాన్నం కనిపిస్తే "లేసిందిరా" అని కేక. చారు పలచగా ఉంటే "ఇయ్యాల అక్క మునిగింది" అని నిట్టూర్పు. వాళ్ళలో చాలామందికి షేరంటే ఏమిటో తెలియదు. కానీ బొంబాయి ఎలా ఉందో దేశంలోని చాలామంది కంటే ముందే, నోటి రుచితో తెలిసేది.

మూడో వారం ముగిసేసరికి నా తలలో ఒక చక్రం తిరగడం మొదలైంది. కొత్త నెల వచ్చింది, మేస్త్రి అన్న అడ్వాన్సు పంపాడు. మూడు వందల ముప్పై రియాళ్ళు. పది రోజుల సరుకులకు కొంత తీసి, మిగతా రెండు వందల ఇరవై బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేయబోయాను. వేయలేకపోయాను. పది రోజుల దాకా వీటితో పని లేదు కదా, ఈ లోపు వీటిని కూడా లేపితే? వాళ్ళ డబ్బుతో వచ్చే లాభంతో వాళ్ళకే కోడికూర వేస్తే? (చూశారా, అత్యాశకు దానధర్మం చీర కట్టి ఎంత ముచ్చటగా ముస్తాబు చేశానో!) బాపు మాట గుర్తు రాకుండా ఉండాలని ఆ పూట పాట కాస్త గట్టిగా పాడుకుంటూ వెళ్ళి, ఊరికి డబ్బు పంపే ఎక్స్చేంజ్‌లో మామకు పంపేశాను. మా ఆయనకు చెప్పలేదు. లాభం వచ్చాక చెబుదామనుకున్నాను. ఆశ్చర్యపరుద్దామని.

ఆశ్చర్యపడడం నా వంతే అయింది. బుధవారం పొద్దున ఏడూ నలభై అయిదుకు గీత కిందికి జారింది. నేను "గోవిందా" అన్నాను, ఈసారి వేరే స్వరంలో. మామ ఏమీ కాదన్నాడు. గురువారం ఇంకా జారింది. పప్పుచారుకు నీళ్ళు పెట్టబోతూ, ఆగి, స్వామి ముందు చేతులు జోడించాను. పెరిగిన రోజు పరమాన్నం పెడితే కృతజ్ఞత. పడిన రోజు పెడితేనే కదా నమ్మకం అనిపించింది. ఆ రోజు చేసినటువంటి పరమాన్నం నేను మళ్ళీ చేయలేదు. నెయ్యి తేలేటట్టు పోశాను. ఇంట్లో ఉన్న జీడిపప్పంతా వేశాను. నైవేద్యం పెట్టి, "తండ్రీ, ఆ ఇరవై ఇద్దరి బియ్యం నీ చేతిలో ఉంది" అని మొక్కి, డబ్బాల్లో సర్ది పంపించాను. శుక్రవారం ఇక్కడ అందరికీ సెలవు, డబ్బాలు ఉండవు. బొంబాయికి మాత్రం సెలవు లేదు. ఇంకా పడింది. తర్వాత శని, ఆదివారాలు అక్కడ సెలవు. ఆ రెండు రోజులు గీత కదలకుండా ఎర్రగా అలాగే పడుకుని ఉంటే, బియ్యం బస్తాలో చేయి పెట్టి లోతు చూసుకుంటూ గడిపాను. బుధవారం దాకా వస్తుంది. గురువారానికి గింజ లేదు.

సోమవారం పొద్దున మామ ఫోన్. "బిడ్డా, ఇయ్యాల ఇంక పడ్తదంటున్నరు. తెరవంగనే అమ్మేస్త. సరేనా?"

గడియారం చూశాను. ఏడున్నర దాటింది. "వద్దు మామా! రాహుకాలం. తొమ్మిది దాకా ఏం ముట్టకు."

"ఏం రాహుకాలం? ఇక్కడ తొమ్మిదైంది బిడ్డా. రాహుకాలం ఎప్పుడో అయిపాయె!"

"ఇక్కడ కాలేదు గదా."

"మార్కెట్ బొంబాయిల ఉన్నది. అకౌంట్ నిజామాబాద్‌ల ఉన్నది. రాహువు అల్ ఖౌద్‌ల ఏం జేస్తడు?"

"పైసలు నావి గదా మామా. నేను ఇక్కడున్న."

మామ నుదురు కొట్టుకున్న చప్పుడు ఫోన్‌లో వినిపించింది. నాకు కూడా కాస్త అనుమానం వచ్చిన మాట నిజం. పంచాంగం చదవడం నేర్పిన బాపు, ఒకే అమ్మకానికి ఇద్దరు సూర్యులు వస్తే ఎవరి మాట వినాలో నేర్పలేదు. ఆ నిమిషంలో, కొత్తిమీర అడగడానికి వచ్చిన పై అంతస్తు ఖాలా (వాళ్ళ భాషలో పిన్ని) తలుపు తట్టారు. హైదరాబాద్ ఆవిడ, ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ఉన్నారు. నాకు అత్తగారిలా, అమ్మలా అన్నీ ఆవిడే. సంగతి చెప్పాను, షేర్ల మాట మింగేసి, సూర్యుడి మాట మాత్రం.

ఖాలా కొత్తిమీర చేతిలో పట్టుకునే ఆలోచించారు. "అరే బేటీ, ఇందులో ఏమున్నది? రంజాన్‌ల మేం రోజా ఎప్పుడు విడుస్తం? ఇక్కడ సూరజ్ డూబ్తేనే, పొద్దు గూకితేనే. హైదరాబాద్‌ల డూబ్ గయా అని ఇక్కడ ముందే ఖజూర్ పండు నోట్ల వేసుకుంటమా? నక్కో! మనం యాడ ఉంటే ఆడిదే సూరజ్."

ఫోన్‌లో ఇదంతా విన్న మామ ఏడుపు గొంతుతో అన్నాడు. "ఆ అమ్మకు షేర్ల సంగతి ఏం తెల్సు బిడ్డా?"

"సూర్యుని సంగతి తెల్సు మామా."

అలా మేమిద్దరం, ఒకరు నిజామాబాద్‌లో, ఒకరు అల్ ఖౌద్‌లో, గంటా పావు సేపు చేతులు కట్టుకుని ఆ గీత కిందికి దిగడం చూశాం. అది మెట్లు దిగలేదు. జారుడుబండ మీద కూర్చుని జారింది. సరిగ్గా తొమ్మిది కొట్టగానే, "మామా, రాహుకాలం అయిపోయింది, అమ్ము" అన్నాను.

"ఇగ ఏమున్నదని అమ్మాలె? మార్కెట్టే అయిపోయేటట్టున్నది" అంటూనే అమ్మాడు. అమ్మిన అరగంటకు గీత గొంతు సవరించుకుని, ఎవరూ చూడట్లేదు కదా అన్నట్టు, మెల్లగా పైకి నడవడం మొదలుపెట్టింది. మామ మళ్ళీ ఫోన్ చేసి ఒక్కటే మాట అన్నాడు. "ఏ సూర్యుని లెక్క జూసినా మనదే తప్పు బిడ్డా."

మిగిలిందేదో మిగిలింది కదా, పంపించెయ్ మామా అన్నాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఇక్కడి నుంచి అక్కడికి డబ్బు పంపాలంటే సందు సందుకూ ఒక ఎక్స్చేంజ్. అక్కడి నుంచి ఇక్కడికి తెప్పించుకోవాలంటే ఏం చేయాలో మామకూ తెలియదు, నాకూ తెలియదు. "గల్ఫ్ నుంచి పైసలు రావుడే జూసినం గని, గల్ఫ్‌కు పోవుడు ఎన్నడన్న జూసినమా?" అన్నాడు. నిజమే. మా జిల్లా చరిత్రలో ఎవరికీ రాని అవసరం నాకు వచ్చింది.

ఆ రోజేదో పని మీద మధ్యాహ్నమే ఇంటికి వచ్చిన మా ఆయనకు అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, అంతా చెప్పేశాను. ఏడవకూడదనుకున్నాను. మజ్జిగలో పడ్డాయి రెండు చుక్కలు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆపాడు.

"బియ్యం ఎప్పటిదాకున్నయి?"

"బుధారం దాకా."

"మరి బేస్తారం?"

గురువారం పేరెత్తగానే నేను మజ్జిగ గిన్నె ఆయన ముందుకు జరిపాను. ఆయన అరవలేదు. అరిచి ఉంటే తేలిగ్గా ఉండేది. ముద్ద మింగి, అక్కడ మామ దగ్గర మిగిలిన డబ్బులోంచి ఈ నెల మా అత్తగారికి ఇప్పించమని, ఆవిడకు పంపాల్సిన రియాళ్ళు ఇక్కడే బియ్యానికి వాడదామని అన్నాడు. ఎంత తెలివైన మాట! భూగోళానికి అటూ ఇటూ డబ్బు కదలకుండానే కదిలింది. అలా సర్దినా ఇంకా డెబ్బై రియాళ్ళు తక్కువ. "సాయంత్రం ఘాలా పోదాం. వాళ్ళకు మనమే చెప్పాలె. వాళ్ళ పైసలు" అన్నాడు.

ఆ సాయంత్రం ఘాలా వెళ్ళాం. డ్యూటీ బస్సు అప్పుడే దింపినట్టుంది, రూముల ముందు తువ్వాళ్ళు, సబ్బు వాసన. మేస్త్రి అన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. నేను కూర్చోలేదు.

"అన్నా, మీకొక మాట చెప్పాలె. మీ ఖానా పైసలు..."

"ఆగు చెల్లె," అని ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. (ఆ గొంతు తగ్గడం నేను వినడం అదే మొదలు, అదే చివర.) "ముందు నేనొకటి చెప్త. ఎవ్వలకు చెప్పలె. గా బేస్తారం నువ్వు పరమాన్నం పంపినవ్ గదా? నెయ్యి తేలుతుండె. జీడిపప్పు లెక్కవెట్టిన, నా ఒక్క డబ్బాలనే పదకొండు! ఇంత ఎన్నడన్న వడ్డదా? మార్కెట్ మొగులు ముట్టిందనుకున్న. మా బామ్మర్దికి ఫోన్ గొట్టి, నలభై వేల రూపాయలు షేర్ల పెట్టించిన. తెల్లారి సంది పడుడే పడుడు. మీ వదినెకు తెలిస్తే నన్ను ఊళ్ళెకు రానియ్యది. అసలు ఏమైంది చెల్లె ఆ దినం?"

నేను నా చెప్పుల వైపు చూస్తూ అన్నాను. "అన్నా... అది మొక్కు."

"ఏం మొక్కు?"

"ఆ దినం పడ్డది. లేవాలె అని మొక్కి చేసిన."

మేస్త్రి అన్న నాకోసం వేసిన కుర్చీలో తనే కూలబడ్డాడు. ఒక నిమిషం నా వైపు, ఒక నిమిషం మా ఆయన వైపు చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అని నేను భయపడే లోపల, క్రేన్లు ఆపే ఆ గొంతు విప్పి నవ్వాడు. ఏమైందేమైందంటూ రూముల్లోంచి అందరూ తువ్వాళ్ళతోనే బయటికొచ్చారు. దాచేదేముంది, నేను మొత్తం చెప్పాను: వాళ్ళ డబ్బు ఎలా తీశానో, రాహుకాలం ఎలా ఆపిందో, ఎంత పోయిందో. పోయిందన్న చోట ఒక్క క్షణం అంతా నిశ్శబ్దమైపోయారు. అది వాళ్ళ అన్నం కదా. ఎండలో ఇటుకలు మోసి ఇచ్చిన డబ్బు కదా. ఆ నిశ్శబ్దం నేను మర్చిపోకూడదని ఇప్పటికీ కోరుకుంటాను.

మా ఆయనే ముందు మాట్లాడాడు. "బేస్తారం గూడ డబ్బా వస్తది. ఒక్క దినం ఆగది."

"వస్తదని మాకెరుకే సార్," అన్నాడు వెనక నుంచి ఒకాయన. "గని అక్కా, ఒక్క దండం. ఇగ పరమాన్నం పంపకు. మూత తీస్తే మేస్త్రి చెయ్యి ఫోన్ మీదికి పోతున్నది."

మళ్ళీ నవ్వులు. మేస్త్రి అన్న కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పాడు. "చెల్లె, లేసినా పడ్డా మాకు గదే పప్పు. పప్పు జూస్తే పప్పే యాదికి రావాలె."

తిరిగి వస్తుంటే కారులో అడిగాను. "డెబ్బై రియాళ్ళు తక్కువున్నయ్ గదా. ఏంతోని తెస్తరు?"

"ఏసీతోని."

మా పడకగదిలో ఏసీ చెడిపోయి వారమైంది. బాగు చేయించడానికి ఆయన ఎనభై రియాళ్ళు దాచాడు. అప్పుడు మే నెల. మే నెలలో మస్కట్ గురించి తెలిసినవాళ్ళకు నేను ఇంకేమీ చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళు ఇడ్లీపాత్ర మూత తీసి ముఖం పెట్టి చూడండి. ఆ నెలంతా ఆయన ఒక్కసారి కూడా "చెప్పానా" అనలేదు. తడి తువ్వాలు నుదుటి మీద వేసుకుని, "ఇంతకీ మనం ఇప్పుడు ఏ సూర్యుని కింద ఉన్నం?" అని మాత్రం ఒకసారి అడిగాడు. ఖాలా విషయం తెలిసి, పొద్దున వంట కాగానే మర్నాటి కూరగాయలు తరిగే పని తన ఇంట్లో, తన ఏసీ కింద పెట్టించారు. సూర్యుడి తీర్పు చెప్పిన పాపానికి ఉల్లిపాయలు కూడా తనే తరిగారు. గురువారం డబ్బాలు వెళ్ళాయి. ఏ రోజూ ఆగలేదు. నా ప్రార్థనల్లో దేవుడు విన్నది ఆ ఒక్కటే కాబోలు. మిగతావి వినకపోవడమే మేలైంది. మేస్త్రి అన్న సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. భయంతో ఆయన ఆ షేర్ల మాటే ఎత్తకుండా వదిలేశాడు, బామ్మర్ది కూడా మర్చిపోయాడు. ఏడాదికి చూస్తే పెట్టినదానికంటే ఎక్కువే ఉందట. నాకు కిలో జీడిపప్పు పంపించాడు, "చూసి వాడు చెల్లె" అన్న మాటతో సహా.

ఆ డబ్బాలే పెరిగి ఇప్పుడు వంటశాల అయ్యాయి, మొన్న దాని పేరు మీద బ్యాంకులో నెలనెలా కొంచెం ఫండ్‌లో దాచే ఖాతా తెరవడానికి వెళ్ళాను. ఇప్పుడు లైసెన్సు ఉంది, ఇద్దరు పనివాళ్ళున్నారు, అంతా పైవాడి దయ. ఫారం నింపుతున్న కేరళ అమ్మాయి చాలా మర్యాదగా అడిగింది, షేర్లలో ఎంత అనుభవం ఉందని. ఎన్ని సంవత్సరాలు అని కదా అడుగుతోంది, నిజమే చెప్పాలి కదా అని, "ఒక నెల" అన్నాను. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని, 'అనుభవం లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది. సంతకం చేయబోయి, ఆ టిక్కు వైపు చూస్తూ ఉండిపోయాను. ఇరవై మూడేళ్ళ ఆ పిల్ల, దీపం ముందు నిలబడి బొంబాయినంతా గరిటెతో ఎత్తగలననుకున్న పిల్ల, ఇది చూస్తే ఎంత అలిగేదో! ఆమె తరఫున కాస్త చిన్నబుచ్చుకుని, ఆమె తరఫునే నవ్వుకుని, సంతకం పెట్టేశాను.